జిన్నింగ్ గేటు దగ్గర తెగిన క్లచ్ వైరు

భోకర్ నుంచి నాందేడ్ వచ్చే దారిలో మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు ఒకటుండేది. పొద్దుగూకాక దాని గేటు ముందు బండి ఆపొద్దని టాక్సీ అడ్డాలో కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాళ్లు. ఆపితే ఏమవుతుందయ్యా అంటే మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లు కాదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఇటూ అటూ చూసి, ఆపొద్దంటే ఆపొద్దు… అంతే అనేవాళ్లు.

ఊరికే ఆపినవాళ్లకు ఏమీ కాదట. నిజంగా బండి చెడిపోయి ఆగిందా — అప్పుడు వస్తుందట. ముందు గోడ వెనకాల చిన్న వెలుగు… తర్వాత తెల్లచీర. అడుగుల చప్పుడు కూడా ఉండదు. బండి దాకా వచ్చి, వెనక సీటు అద్దంలోంచి తొంగిచూసి, ఒకే ఒక్క మాట అడుగుతుందట.

"బండిల ఆడమనిషి ఉన్నదా?"

ఉందో లేదో జవాబు చెప్పడానికి ఇంతవరకు ఎవడూ అక్కడ నిలబడలేదు.

జీపు నడిపే మారోతి సంగతే చూడండి. తనంత ధైర్యస్తుడు ఇటు ధర్మాబాద్ దాకా లేడని మీసం దువ్వేవాడు. ఆ గేటు ముందు టైరు పంక్చరైన రాత్రి, జీపును జాకీ మీద అలాగే వదిలేసి మూడు కిలోమీటర్లు పరుగెత్తాడు. చెప్పులు అక్కడే విడిచాడు. పొద్దున నలుగురిని వెంటబెట్టుకుని వెళ్తే, ఆ చెప్పులు రెండూ జీపు పక్కన ఒద్దికగా జతచేసి పెట్టి ఉన్నాయి. దాంతో వాడికి మూడు రోజులు జ్వరం కాసింది.

అడ్డాలో అందరూ పగలబడి నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే — నాగనాథ్.

"ఏమడిగింది మారోతీ? మళ్లొకసారి చెప్పు."

"ఆడమనిషి ఉన్నదా అన్నది రా బాబా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"గొంతు ఎట్లుండె?"

"గొంతు ఇనుకుంట నిలబడ్తరా ఎవలన్నా? ఉరికిన."

నాగనాథ్ లేచి వెళ్లి తన పాత ఫియట్ కారులో కూర్చున్నాడు. అతని భార్య అనుసూయ ఆ గేటు ముందే పోయింది. తొంభై మూడులో, అంటే ఆరేళ్ల కింద… ఆ కారు వెనక సీటులోనే.

తొలి కాన్పు. నొప్పులు మొదలై రోజంతా గడిచినా బిడ్డ బయటికి రాలేదు. నాందేడ్ తీసుకుపొమ్మని భోకర్‌లో డాక్టరమ్మ చెప్పేసరికి రాత్రి పదకొండు. వారం రోజులుగా కారు క్లచ్ పెడల్ బరువుగా ఉంటోంది. వైరు నారలు తెగుతున్నాయి, మార్పించుకోమని మెకానిక్ వెంకట్రావ్ చెప్పాడు కూడా. కాన్పు కానీ, తర్వాత చూద్దాం అనుకున్నాడు నాగనాథ్. మిల్లు దగ్గర గేరు తగ్గిద్దామని పెడల్ తొక్కితే — వైరు తెగి, కాలు ఊరికే నేలకు తగిలింది. కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"నన్నొక్కదాన్నే ఇడిసిపెట్టి పోకు" అంది అనుసూయ, చెయ్యి పట్టుకుని.

"గిప్పుడే వస్త" అని ఆ చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు. మిల్లు గేటు కొట్టాడు, ఎవరూ పలకలేదు. రోడ్డు మీద ఇటు కొంత దూరం, అటు కొంత దూరం ఉరికాడు. ఒక్క బండీ రాలేదు. తెల్లవారుజామున ఒక లారీ ఆగింది. అందులోంచి దిగిన సర్దార్జీ వెనక సీటులోకి చూశాడు. తలపాగా సర్దుకుని, డ్రైవరు సీటులో కూర్చుని, రెండో గేరులో వేసి సెల్ఫ్ కొట్టాడు. కారు నాలుగుసార్లు ఎగిరెగిరి పడి, కదిలింది. క్లచ్ అన్నదే లేకుండా నాందేడ్ దాకా పోయింది!

అంతే. అంత చిన్న పని. టాక్సీ కొని ఎనిమిది నెలలే అయిన నాగనాథ్‌కు ఆ సంగతి తెలియదు. తెలిసేసరికి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

ఆ చెయ్యి విడిపించుకుని పోయినందుకు తప్పయిందని ఆమెతో ఒక్కసారి చెప్పుకోవాలి. ఆరేళ్లుగా అతనికున్న కోరిక అదొక్కటే. ఎవరితో చెప్పుకుంటాడు? ఇప్పుడు మారోతి నోట ఆ మాట విన్నాక, దెయ్యమో భూతమో… చెప్పుకోవడానికి మనిషి దొరికినట్టే అనిపించింది. వెనక సీటులోకి తొంగిచూసేది అనుసూయ కాక ఇంకెవరు?

మొదట ఊరికే వెళ్లి ఆపాడు. లైట్లు ఆర్పి, అద్దాలు దించి, తెల్లారేదాకా కూర్చున్నాడు. అలా నాలుగు రాత్రులు. గోడ వెనక వెలుగు లేదు, చీర లేదు. చెడిపోయిన బండి దగ్గరికే వస్తుందని అందరూ అన్నారు కదా. అనుసూయ దగ్గర నాటకాలు నడుస్తాయా… బతికున్నప్పుడే నడవలేదు.

అందుకని ఏ డ్రైవరూ చెయ్యని పని చేశాడు. క్లచ్ వైరు అరిగినా మార్చలేదు.

"నాగనాథ్, నీకు అకల్ ఉన్నదా?" అని వెంకట్రావ్ కారు కింద నుంచే అరిచాడు. "నాలుగు నారలే మిగిలినయ్. గీ వైరుతోని నీకు అయింది చాలదా?"

"ఉండనీ అన్నా."

వెంకట్రావ్ బయటికి జరిగి వచ్చి, అతని మొహం చూశాడు. చాలాసేపు చూసి, పానా పక్కన పెట్టేశాడు.

ఆ రోజు నుంచి నాగనాథ్ చీకటి పడ్డాక సవారీలు ఎక్కించుకోలేదు. ఖాళీ కారుతో ఆ దారిన పోవడం, గేటు ముందు అవసరం లేకపోయినా క్లచ్ తొక్కడం, మళ్లీ తిరిగి రావడం. ఒక రాత్రి రెండుసార్లు, ఒక రాత్రి నాలుగుసార్లు. పదకొండో రాత్రి…

టక్కుమంది.

కాలు నేలకు తగిలింది. కారు ఊగి ఆగిపోయింది. చుట్టూ పత్తిచేలు, మసక వెన్నెల, గాలి లేదు. నాగనాథ్ దిగి, అలవాటు కొద్దీ బానెట్ ఎత్తి చూశాడు. చూసేదేముంది? ధడేల్మని మూశాడు.

గోడ వెనకాల వెలుగు కదిలింది.

చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. వేళ్లతో జుట్టు సర్దుకున్నాడు. వెలుగు గేటు దాకా వచ్చింది… ఆగింది… ఇనుప తలుపు సందులోంచి ఇవతలికి వచ్చింది. తెల్లచీర. నిజంగానే అడుగుల చప్పుడు లేదు. అతని పక్క నుంచే పోయి, వెనక అద్దం దగ్గర వంగింది.

"అనుసూయా…" అన్నాడు.

"బండిల ఆడమనిషి ఉన్నదా?"

ముసలి గొంతు. దగ్గుతో చీరుకుపోయిన గొంతు. ఇటు తిరిగిన మొహంలో అనుసూయ పోలికే లేదు.

"ఉరుకకు కొడుకా. నేను దయ్యాన్ని గాను. మిల్లు వాచ్‌మన్ పెండ్లాన్ని. శాంతాబాయి అంటరు."

ఒక చేతిలో కందిలి దీపం, ఇంకో చేతిలో నీళ్ల చెంబు, కాళ్లకు చెప్పులు లేవు. మనిషే. ఎంత వెతికి చూసినా మనిషే. నాగనాథ్‌కు అప్పుడు భయమేసింది. అనుసూయ ఇక్కడ లేదు, మరింకెక్కడా లేదు. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు.

"నీళ్లు తాగు. ఊకె ఆగినోళ్ల జోలికి రాను. ఇనుము సప్పుడైతే బండి చెడిందని ఎరుకైతది, అప్పుడొస్త. అందరు ఉరుకుతున్నరు. నువ్వొక్కనివే ఉన్నవ్."

"ఆడమనిషి ఉన్నదా అని ఎందుకు అడుగుతవ్ అవ్వా?"

శాంతాబాయి కందిలి కింద పెట్టింది.

"ఆరేండ్ల కింద గిట్లనే ఓ బండి ఆగింది. మా ఆయన ఊరికి పోయిండు, నేనొక్కదాన్నే ఉన్న. ఎవలో గేటు కొట్టి పిలిచిండు. రాత్రిపూట మూడుసార్లు పిలిస్తెనే పలకాలె, దయ్యమైతే మూడోసారి పిలవదని మా అత్త చెప్తుండె. పలకలే. ఇంకోసారి పిలిచిండు. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ… మూడోసారి పిలుస్తడు, తీద్దామని."

నాగనాథ్ తలెత్తి గేటు వైపు చూశాడు.

"పిలవలే కొడుకా."

నాగనాథ్ కళ్లు మూసుకున్నాడు. రెండోసారి పిలిచిన తర్వాత కారులోంచి అనుసూయ కేక వినపడింది. ఇంకోసారి పిలుద్దామని ఎత్తిన చేత్తోనే వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

"ఆపీసుల ఫోన్ ఉండె అప్పటికి. కొట్టుడు నాకు ఎరుకనే. తెల్లారి చూస్తే, లారీ ఆయన ఆ బండిని తోల్కపోతుండు. బండిల నొప్పులు పడే పిల్ల ఉండెనట, గొర్లు కాసేటోడు చెప్పిండు. అటెన్క ఏమైందో ఎవలు చెప్పలే. అడుగనీకి నాకు మొఖం లేదు. అప్పటి సంది, పిలవకముందే వస్తున్న."

ఆమె దగ్గరికి జరిగింది.

"నువ్వు టాక్సీ తోల్తవు గద. నీకేమన్న ఎరుకనా? ఆ పిల్ల… బతికిందా?"

నాగనాథ్‌కు ఒళ్లంతా మండిపోయింది. గోడ అవతల, గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నావా! ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె జుట్టు పట్టుకుని, చచ్చిపోయింది, నా అనుసూయ ఇదిగో ఈ సీట్లో చచ్చిపోయింది అని అరవాలనిపించింది. ముసలామె ఇంకా చెంబు పట్టుకునే ఉంది. అతను తాగుతాడేమోనని.

"బతికింది" అన్నాడు.

"ఆఁ?"

"బతికింది అవ్వా. నాకు ఎరుకైనోళ్లే."

"కాన్పు?"

"మంచిగయింది. ఆడపిల్ల."

"పేరేంది?"

ఆడపిల్ల పుడితే పెట్టుకుందామని అనుసూయ ఒక పేరు అనుకుంది. ఆ పేరును అతను ఆరేళ్లలో ఎన్నడూ పైకి అనలేదు.

"ప్రణాలి."

"బడికి పోతదా?"

"పోతది. గీ జూన్ల ఒకటో తరగతిల ఏసిన్రు. మస్తు మాట్లాడ్తది, ఇంట్ల ఎవల మాట ఇనదు."

శాంతాబాయి రోడ్డు మీదే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని లేచి, అతని తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు కొడుకా. ఇగ నాకు నిద్ర పడ్తది."

కందిలి వెలుగు గేటు సందులోంచి లోపలికి పోయింది, గోడ వెనకాల కొంతదూరం నడిచింది, ఆరిపోయింది.

నాగనాథ్ కారులోకి వచ్చి కూర్చున్నాడు. రెండో గేరులో వేశాడు. తాళంచెవి మీద చెయ్యి పెట్టి, వెనక సీటు వైపు తిరిగి చూడకుండా —

"గట్టిగ పట్టుకో అనుసూయా, బండి ఊగుతది" అని, సెల్ఫ్ కొట్టాడు.