పొగ వెళ్లిన దిక్కు

శవం లారీ ముందు సీట్లో ఉంది. క్లీనర్. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. జుట్టు, కనురెప్పలు, చొక్కా అన్నీ తెల్లగా ఉన్నాయి.

ఉదయం పదిన్నరకి హైవే పక్కన ఆగి ఉన్న ట్రెయిలర్‌ని లారీ వెనకనుంచి గుద్దింది. డ్రైవర్ బతికాడు. పోయినవాడు అతని బావమరిది.

"ఒక్కసారిగా తెల్లగా కమ్మేసింది సార్. ముందు బండే కనపడలేదు" అన్నాడు డ్రైవర్.

"అడవి తగలబడుతోంది, హైవే మీద పొగ రావచ్చు, నెమ్మదిగా వెళ్లండని రేడియోలో మొత్తుకున్నారుగా?" అన్నాడు ఎస్సై.

"అది పొగ కాదు సార్. పొగైతే కళ్లు మండాలి. ఇది పళ్ల కింద కరకరలాడింది."

ఎస్సై వినిపించుకోలేదు. నిర్లక్ష్యపు డ్రైవింగ్ అని కేసు రాసి, చేతులు దులుపుకున్నాడు.

వెనకాలే వచ్చి అంతా విన్న ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. స్టేషన్లో ఆమెను చాటుగా మిరపకాయ మేడం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. శవం జుట్టులోని పొడిని ఆమె వేళ్లతో నలిపి చూసింది. గరగరలాడింది. బూడిద అలా ఉండదు.

మర్నాడు స్టేషన్ బెంచీ మీద డ్రైవర్ భార్య కూర్చుని ఉంది. తమ్ముడు మార్చురీలో, మొగుడు లాకప్‌లో. సాయంత్రం అతన్ని కోర్టుకి తీసుకెళ్తారు.

"రాత్రంతా బండి నడిపాడు. కునుకు తీసుంటాడు. నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు" అంది. లాకప్ వైపు కన్నెత్తి చూడలేదు.

అప్పుడే క్వారీ మేనేజర్ వచ్చాడు. హైవేకి పడమటి పక్కన రాళ్లు పిండి చేసే క్రషర్‌ని నడిపేది అతనే. చేతిలో ఆ రోజు న్యూస్ పేపరు. తనే సాక్ష్యం చెబుతానన్నాడు.

"అంతా పొగే మేడం. కళ్లారా చూశాను. మంటలార్పడానికి మా వాటర్ ట్యాంకర్లు రెండూ నేనే పంపించాను. ఇదిగో, ట్యాంకర్ల పక్కన నా ఫోటో."

"ఎన్నింటికి పంపారు?"

"పొద్దున ఎనిమిదికి."

"తిరిగి ఎప్పుడొచ్చాయి?"

"చీకటిపడ్డాక."

ఇన్‌స్పెక్టర్ పేపరు తీసుకుని పక్కన పెట్టింది. లాకప్ తలుపు తీయించి డ్రైవర్‌నీ, అతని భార్యనీ, ఎస్సైనీ తన గదిలోకి పిలిచింది. మేనేజర్‌ని అక్కడే కూర్చోమంది. ఆమె పిలిపించగా శాటిలైట్ సెంటర్ నుంచి వచ్చిన సైంటిస్ట్ ల్యాప్‌టాప్ తెరిచింది.

"నిన్న పదీ ముప్పై రెండుకి తీసిన బొమ్మ ఇది. మధ్యలో గీత హైవే. తూర్పున కొండ మీద మంట."

"పొగ ఎటు పోతోంది?" ఇన్‌స్పెక్టర్ ఎస్సైని అడిగింది.

"ఇంకా తూర్పుకే మేడం."

"హైవే మీదకి వచ్చిందా?"

"లేదు మేడం."

"గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తోంది. మరి హైవేని అడ్డంగా దాటుతున్న ఈ తెల్లచార ఏంటి?"

"దుమ్ము" అంది సైంటిస్ట్. "పొగకి నీలిఛాయ ఉంటుంది, దీనికి లేదు. మొదలైంది క్వారీ దగ్గర."

మేనేజర్ లేచాడు. "మా క్రషర్ రోజూ నడుస్తుంది. రోజూ లేని దుమ్ము నిన్నే లేచిందా?"

"రోజూ నీళ్లు కొడతారు కాబట్టి లేవదు. నిన్న ట్యాంకర్లు ఎక్కడున్నాయి?" ఇన్‌స్పెక్టర్ పేపరు అతని ముందు విసిరింది. "ఈ ఫోటోలో అందరూ మీ మంచితనమే చూశారు. క్వారీలో చుక్క నీళ్లు లేవని ఎవరికీ తట్టలేదు. క్రషర్ ఎందుకు ఆపలేదు?"

మేనేజర్ మళ్లీ కూర్చున్నాడు. "ఒక్కరోజే కదా అని..."

ఇన్‌స్పెక్టర్ చరుపుకి బల్ల అదిరింది. "దుమ్మని తెలిసే పొగ అన్నావు. ఒకడి ప్రాణం తీసి, ఇంకొకణ్ణి జైలుకి తోసి, నువ్వు ఫోటోకి పళ్లికిలించావు." ఇన్‌స్పెక్టర్ మర్యాద అక్కడితో అయిపోయింది. ఎస్సై వైపు తిరిగింది. "లాకప్ ఖాళీగానే ఉంది. డ్రైవర్‌ని వదిలేసి ఇతన్ని వెయ్."

డ్రైవర్ భార్య మొదటిసారి మొగుడి వైపు చూసింది.

"నిద్రపోయావనే అనుకున్నాను."

"కాదని చెప్పాను."

"చెప్పావు. నేనే వినలేదు. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు వాడి దగ్గరికి పద. మార్చురీలో ఒక్కడే ఉన్నాడు."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. మేనేజర్ వైపు తిరిగింది. కళ్లలో తడి లేదు.

"ఇప్పుడు పంపించు నీ ట్యాంకరు. మా తమ్ముడి ఒంటి మీద దుమ్ము కడగాలి."