పై గేటు తలుపు

ఆ కొండదారి ఒక్క బండికే సరిపోతుంది. అందుకే కింద ఒక గేటు, పైన ఒక గేటు. కింద వదిలితే పైన ఆపాలి, పైన వదిలితే కింద ఆపాలి. "చివర వస్తున్నది నీలం లారీ, అది దాటాక నువ్వు వదులు" అని ఒక గేటు నుంచి ఇంకో గేటుకి ఫోను చేసుకోవాలి. కింది గేటు తమ్ముడిది, పై గేటు అక్కది. డ్రైవర్లందరికీ ఆమె గేటమ్మ. ఆమె మొగుడు ఆ రోడ్డుకే మేస్త్రీ. పడ్డ రాళ్ళు తీయించడం, గుంతలు పూడ్పించడం ఆయన పని. "నేను దారి తెరుస్తాను, నువ్వు మూసేస్తావు. ఇక బండ్లు పోయేదెప్పుడే" అని రోజూ ఆమెను ఆటపట్టించేవాడు.

కొండ మీద పుట్టినవాళ్ళకి పైవాళ్ళంటే భయం. పేరు పెట్టరు, పైవాళ్ళు అంటారంతే. మంచు దిగితే వాళ్ళూ దిగుతారట. కాళ్ళు నేలకి ఆనవని ఒకరంటే, అసలు ముఖమే ఉండదని ఇంకొకరనేవారు. "చూసినవాళ్ళెవరు గనక. వాళ్ళు మనిషి మీద చెయ్యి వెయ్యరు. ఇద్దరి మధ్యలో దూరతారు" అనేది అత్తగారు. కింద ఊళ్ళో పుట్టి పెరిగిన గేటమ్మకి ఇదంతా కాలక్షేపం కబుర్లలా ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి ఒక లారీ డ్రైవరు పైకొచ్చి, తన వెనకాలే మూడో మలుపులో రాళ్ళు జారాయని చెప్పాడు. మేస్త్రీ పలుగు భుజాన వేసుకుని బయల్దేరాడు. "చీకటి పడేలోగా వచ్చేస్తాను. గేటు దించి కూర్చో."

ఆయన వెళ్ళిన పావుగంటకి మంచు కమ్మింది. ముందు లోయ మాయమైంది, తర్వాత రోడ్డు, తర్వాత గది ముందున్న గేటు గొట్టం. తడిసిన ఇనుము వాసన, నాచు వాసన కిటికీ సందుల్లోంచి లోపలికి వచ్చాయి. చూరు మీంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి. పక్షులు కూడా అరవడం మానేశాయి.

ఐదున్నరకి ఫోను మోగింది.

"అక్కా, బావ కిందికి దిగొచ్చాడు. మంచు దట్టంగా ఉంది కదా, రాత్రికి ఇక్కడే పడుకుంటాడట. నువ్వు తలుపేసుకో."

"ఆయనకివ్వరా ఫోను."

కొంచెంసేపు గాలి చప్పుడు. "చేతులు కడుక్కుంటున్నాడక్కా."

ఆమె గడియ పెట్టింది. చీకటి పడేలోగా వస్తానన్నవాడు చెప్పాపెట్టకుండా కిందికెందుకు దిగాడో అర్థం కాలేదు. అయినా మంచు ఆ తీరున ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారులే అని సర్దిచెప్పుకుంది.

అంతలో తలుపు మీద వేళ్ళతో తట్టిన చప్పుడు.

"ఏమే, నేనే. తియ్యి."

ఆయన గొంతే. గేటమ్మ గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నువ్వు కింద ఉన్నావుగా."

"కిందేంటి? రాళ్ళు తీసి వస్తున్నాను. చలి చంపేస్తోంది, తియ్యి."

ఆమె కిటికీ అద్దం తుడిచి చూసింది. మంచులో ఆయన భుజం ఒకటే మసకగా కనిపించింది. ఆ భుజం మీద పలుగు లేదు. అన్నం అయినా మానేస్తాడేమో గానీ పనిముట్టు వదిలేసి వచ్చే మనిషి కాదు ఆయన.

"పలుగేది?"

"రాయి కింద ఇరుక్కుపోయింది. లాగబోతే వేలు నలిగింది. రక్తం కారుతోందే... ఏదైనా గుడ్డ ఇటివ్వు."

ఆమెకి మనసు ఆగలేదు. చెయ్యి గడియ మీద పడింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

తమ్ముడు గుసగుసగా అన్నాడు. "అక్కా... తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఆమె తలుపు వైపు తిరిగి చూసింది.

"ఉంటే తియ్యకు. బావ నా పక్కనే ఉన్నాడు. తియ్యకు..."

బయటినుంచి ఆయన అడిగాడు. "ఎవరితోనే మాటలు?"

గేటమ్మ ఫోను పెట్టేసి, బల్ల జరిపి తలుపుకి అడ్డం పెట్టింది. ఇంకో రెండుసార్లు తట్టాడు. మొదట బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. తర్వాత ఏమీ లేదు... చూరునీళ్ళ చప్పుడొక్కటే.

ఉన్నట్టుండి ఆయన గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి మెల్లగా, అలక తీరిన మనిషిలా.

"అమ్మయ్య. తీయడానికి ఇంతసేపా?"

గడియ పెట్టినట్టే ఉంది. బల్ల అడ్డంగానే ఉంది. అడుగుల చప్పుడు గది దాటి, కిందికి దిగే అడ్డదారి వైపు పోయింది.

అరగంట తర్వాత దీపాలు వేసుకుని జీపొకటి వచ్చి ఆగింది. రోడ్డు ఆఫీసు డ్రైవరు. ఎప్పుడూ చూసే మనిషే కాబట్టి ఆమె తలుపు సందులోంచి పలికింది.

"మీ తమ్ముడు పంపాడమ్మా. మూడో మలుపులో రాళ్ళు పడ్డప్పుడే ఫోను వైరు తెగిపోయింది. రేపు కలుపుతారు, అందాకా బండ్లు వదలొద్దని చెప్పమన్నాడు."

"వైరు తెగిందా... ఎప్పుడు?"

"మూడుంబావుకే. మేస్త్రీ దారి చేసి పెట్టాడు కాబట్టి నేను రాగలిగాను. పాపం, ఆయన పలుగు అక్కడే రాయి కింద ఇరుక్కుని ఉంది."

గేటమ్మ బల్ల పక్కకి లాగి తలుపు తీసింది. రక్తం కారుతున్న మొగుణ్ణి చేతులారా బయట నిలబెట్టింది తను. జీపెక్కి కూర్చుంది. ప్రతి మలుపులోనూ తల బయటపెట్టి కేకేసింది. ఎక్కడా జవాబు రాలేదు.

కింది గేటు దగ్గర తమ్ముడు లాంతరుతో ఎదురొచ్చాడు. "బావ ఇక్కడికి రాలేదే అక్కా. నేను ఫోనే చెయ్యలేదు" అన్నాడు. ముగ్గురూ అలా నిలబడి ఉండగానే అడ్డదారి వైపు అడుగులు వినిపించాయి. మంచులోంచి మేస్త్రీ బయటికొచ్చాడు.

ఆమె ఏడుస్తూ ఎదురెళ్ళింది. ఆయన అక్కడికక్కడే ఆగిపోయాడు.

"నువ్వెప్పుడొచ్చావు?"

"ఇప్పుడే, జీపులో. నిన్ను వెతుక్కుంటూ..."

"అదేంటి? అడ్డదారినే వచ్చాం కదా ఇద్దరం. పై మలుపులో చెప్పు ఊడిందని ఆగావు." ఆయన కళ్ళు ఆమె ముఖం మీంచి కదల్లేదు. "తమ్ముడికి గండమని ఎవరో ఫోను చేశారు, కిందికి పద అని నువ్వేగా లాక్కొచ్చావు?"

తమ్ముడు లాంతరు ఎత్తాడు. ఆయన నలిగిన వేలికి కట్టు ఉంది. పచ్చటి చీర పీలిక, సన్నటి ఎర్రంచు. ఆమె ఒంటి మీద ఉన్నదీ అదే చీర. చెంగంతా తడిమి చూసుకుంది. ఎక్కడా చిరుగు లేదు.

"ఏమయ్యా... నేనయ్యా" అంది.

మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. తమ్ముడు లాంతరుని ఆమె ముఖం దగ్గరికి తెచ్చి, ఇంకా దించలేదు. ఇంతదాకా పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చిన డ్రైవరు జీపెక్కి, కిటికీ అద్దం పైకి ఎక్కించుకున్నాడు.