బొట్టు పెట్టిన బొమ్మల పుస్తకం

ఆ పొద్దు లేచేసరికే శాంతికి నడుము పట్టేసింది. అత్త ఐలమ్మకు తుంటి ఎముక విరిగి, ఆపరేషనై నెల దాటింది. సొంతూరు దంతాలపల్లి నుంచి మహబూబాబాద్‌కు, అదే మానుకోటకు, తెచ్చుకున్నారు సరే, మంచం ఎక్కడ వేయాలి? ఉన్నవే రెండు గదులు. అందులో ఒకటి శాంతి భర్త రాజేందర్ చిన్నప్పటి నుంచి కూడబెట్టిన బొమ్మల కథల పుస్తకాలది. దాంతో ముసలమ్మ మంచం వసారాలో రేకుల కింద పడింది. ఎండొస్తే అటు, జల్లొస్తే ఇటు జరపాలి. అత్తను లేపడం, కడగడం, పడుకోబెట్టడం, ఆ పైన అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లలు. మనిషన్నాక ఎంతని చేస్తుంది?

"గా పుస్తకాలన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని ఒకనాడు తెగేసి చెప్పింది. రాజేందర్ భూపాలపల్లిలో గోపాల్ అనే ఆయన పాత బొమ్మల పుస్తకాలు కొంటాడని తెలుసుకుని బేరం కుదుర్చుకున్నాడు. కుదిరి ఎనిమిది రోజులైంది. పార్సిల్ మాత్రం గడప దాటలేదు. పుస్తకం తుడుస్తాడు, ప్లాస్టిక్ కవర్లో పెడతాడు, వెనక అట్టముక్క ఆనిస్తాడు. మళ్లీ బయటికి తీసి చూసుకుంటాడు.

"ఏందయ్యా, అట్ల పెడ్తవు, ఇట్ల తీస్తవు? గది పార్సిలా, పసిపిల్లనా?"

"జర ఆగు శాంతీ. మూల వంగితే గోపాలన్న తీసుకోడు."

"ఇయ్యాల పోకపోతే బేరం బంద్ అని ఫోన్ చేసి చెప్పిండు గదా! ఇన్నవా లేదా?"

"ఇన్న" అని చొక్కా తొడుక్కుని బస్సు డిపోకు వెళ్లిపోయాడు. అక్కడ మెకానిక్ ఆయన. ఎంత పెద్ద ఇంజనైనా గంటలో విప్పి బిగించే మనిషికి నాలుగు అట్టపెట్టెలు కట్టడం చేతకాదట! ఇక ఈయనతో అయ్యేది కాదని శాంతి సెలవు పెట్టి తానే కూర్చుంది.

చీరల డబ్బాలు కోసి అట్టలు చేసింది. పదేసి పుస్తకాలు ఒక కట్ట, కిందా పైనా గట్టి అట్టలు, మూలలకు మడిచిన కాగితం. సుతిలి తాడు బిగిస్తే అంచులు కోసుకుపోతాయని పాత చీర పేలికలతో కట్టింది. టేపు అట్టకే తప్ప పుస్తకానికి తగలనివ్వలేదు. వానకు తడవకుండా లోపల ప్లాస్టిక్ పరిచి, సందుల్లో పేపరు ఉండలు కుక్కి, పెట్టె ఊపి చూసింది. ఏదీ కదల్లేదు. తీరా చివరి కట్ట దగ్గరికొచ్చేసరికి టేపు అయిపోయింది.

"అత్తా, పిల్లి ఎక్కకుండ జర చూస్తుండు" అని కట్టను మంచం మీద పెట్టి దుకాణానికి పోయింది.

తిరిగొచ్చేసరికి రాజేందర్ అన్నానికి వచ్చి ఉన్నాడు. చేతిలో ఒక పుస్తకం. దాని అట్ట మీద నాలుగు మూలలా పసుపు, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు, ఇంకా తడి ఆరలేదు. ఐలమ్మ తలగడ పక్కన పసుపు కుంకుమల బరిణె తెరిచి ఉంది. గోపాల్ ఏరి కోరి అడిగిన పుస్తకం అదే. దాని కోసమే మిగతావన్నీ కొంటున్నాడు.

"అవ్వా! ఏం పని చేసినవే! కవర్ల నుంచి తీసి మరీ!"

"కవర్ మీద పెడ్తే గది బొట్టయితదారా?" అంది ఐలమ్మ అమాయకంగా.

"సత్తెనాశ్ చేసినవు! నలభై ఏండ్లు గీత పడకుండ దాచిన. ఒక్క నిమిషంల ఖరాబ్ చేసినవు!"

శాంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పొద్దున్నుంచి నడుం ఇరిగేటట్టు కట్టిన. తల్లీకొడుకులు కలిసి నా పానం తీస్తున్నరు! ఇగ గా గది ఖాళీ అయినట్టే, నేను సచ్చినట్టే!"

ఐలమ్మ ఇద్దరినీ చూసింది.

"దూడను అమ్మినా బొట్టు పెట్టి పంపుతం గద బిడ్డా. గివి గంతకన్న తక్కువైనయా? మిరపకాయలు ఏరిన కూలిల నుంచి మిగిల్చి, మానుకోట టేషన్ల ఒక్కొక్కటి కొనుకొస్తి. నా మంచం కోసమని గవి ఇల్లిడిచి పోతున్నయి. ఉత్తగ ఎట్ల పంపుతరా కొడుకా?"

రాజేందర్ మంచం కోడు పట్టుకుని అలాగే కింద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన ఏడవగా శాంతి చూడలేదు. ఎనిమిది రోజులుగా నాటకాలాడుతున్నాడనుకుందే గానీ, 'బాధైతుందా' అని ఒక్కమాట అడిగింది లేదు. తన కష్టం అబద్ధం కాదు. అయినా ఆ ఒక్కమాటకు ఏం ఖర్చయ్యేది? ఆమెకు సిగ్గేసింది.

రాజేందర్ ముక్కు చీది ఫోన్ తీశాడు.

"చెప్పకుండ పంపితే?" అంది శాంతి మెల్లగా.

"పెట్టె ఇప్పినంక ఆయన పానం ఎట్లుంటది?" అని, గోపాల్‌కు ఫోన్ కలిపి ఉన్నదున్నట్టు చెప్పాడు.

స్పీకర్లో గోపాల్ మాట శాంతికీ వినిపించింది.

"మరక పడ్డది నాకొద్దన్నా. గదే గావాలనుకున్న గానీ, ఏం జేస్తం. మిగిలినయి పంపు, ధర తగ్గిస్త. మంచిగ కట్టిన్రా?"

"మా ఇంటామె కట్టింది. నాకన్న మంచిగ కట్టింది" అన్నాడు రాజేందర్. పెళ్లాం దిక్కు చూస్తూ అన్నాడు.

పోస్టాఫీసు మూసే లోపల శాంతే ఆటోలో తీసుకుపోయి పార్సిల్ ఇచ్చి వచ్చింది. ఇంటికొచ్చేసరికి మంచం గదిలో, ఫ్యాను కింద ఉంది. పక్కన పీట మీద రాజేందర్ ఆ బొట్టు పుస్తకం విప్పి చదువుతున్నాడు. ఐలమ్మ తుంటి పట్టుకుని నవ్వుతోంది.

"పిల్లికి భయపడి రాజు కుండల దాక్కున్నడా! నవ్వియ్యకురా, తుంటి గుంజుతున్నది. గిదంత గీ పుస్తకంలనే ఉన్నదా?"

"ఇండ్లనే ఉన్నదవ్వా."

"నువ్వొక్కనివే మూలకు కూసుండి నవ్వేటోనివి. ఎందుకు నవ్వుతున్నవో నాకు సదువొస్తెగద తెలిసేది! నవ్వుతున్నవు గదా అని ఇంకోటి కొనుకొచ్చేదాన్ని."

రాజేందర్ పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒక్కనాడు గూడ నీకు చదివి ఇనిపియ్యలేదు గదనే అవ్వా" అన్నాడు.

"ఇప్పుడు ఇంటున్న గదరా. చదువు."

వాకిట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి, పొయ్యి ముట్టించలేదు. శాంతి వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. పొద్దున లేచాక పని లేకుండా కూర్చోవడం అదే మొదలు.

"జర ఆగయ్యా, నేను గూడ ఇంట. మొదటి నుంచి చదువు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.