సేవ్ చెయ్యని ఉత్తరం

“కరెంట్ పోతే డిస్క్ మీద పెట్టింది ఏమైతది సార్?” అని మొదటిరోజే నిలదీసింది నర్మద.

1995. కరీంనగర్ బస్టాండ్ ఎదురుగా మేడమీద కంప్యూటర్ క్లాసు. లక్ష్మీరాజం బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెబుతున్నాడు. మిషన్‌కున్న మెమరీ నాలుగు ఎంబీ. అది నిండితే, కాసేపటి నుంచి వాడనివాటిని విండోస్ తీసి హార్డ్‌డిస్క్‌లో స్వాప్ ఫైలు అనే చోట పెడుతుంది. అవసరం పడితే మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్క్ లైటు మిణుకుమిణుకుమనేది అందుకే.

కరెంట్ పోతే అంతా పోతుందని కొట్టిపారేశాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్ల, అంత తేలిగ్గా నమ్మలేదు. కళ్లు చిన్నవి చేసి చూసింది. ఆ చూపుతోనే సార్ పని అయిపోయింది.

ఆరునెలలైనా అతనికి నోరు పెగల్లేదు. క్లాసులయ్యాక, ఆమె కూర్చునే మూడో మిషన్ ముందు చేరి, మనసులో మాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాడు. సేవ్ చెయ్యకుండానే స్విచ్ ఆపేసేవాడు. ఆనవాలు మిగలదని ధీమా.

కోర్సు చివరి శనివారం. బయట ముసురు. నర్మదకు మందమర్రిలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ఈ పూట చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. అందరూ వెళ్లాక ఆమే అతన్ని మూడో మిషన్ దగ్గరికి పిలిచింది.

తెర నిండా పిచ్చి గుర్తులు. మధ్యలో, చదవగలిగే ముక్కలు: ‘నర్మద రాని రోజు ఖాళీ కుర్చీ చూసుకుంట పాఠం చెప్తున్న...’

లక్ష్మీరాజం చెవులు వేడెక్కాయి. స్విచ్ ఆపితే మెమరీలోదే పోయింది. మెమరీ నిండి స్వాప్ ఫైలుకు చేరింది మాత్రం చేరినట్టే ఉంది. నెల కిందట ఆమె ఆ ఫైలును తవ్వితే బయటపడిందట. ఈ నెలంతా అతను చెబుతాడేమోనని రోజూ చూసిందట.

“నువ్వే అడగొచ్చు గదా” అన్నాడు.

“‘నువ్వు పోతే’ అన్నకాడ తెగిపోయింది సార్. కడమది ఎంత దేవులాడినా దొరకలే. మీరే చెప్పాలె.”

అతను పక్క కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“నువ్వు పోతే నాకు అన్నం సైపది నర్మదా” అన్నాడు. “మందమర్రికి పో, కొలువు చెయ్యి. రేపు మా అవ్వను, బాపును తోలుకొని మీ ఇంటికి వస్త. రావాల్నా, వద్దా?”

ఆమె మిషన్ ఆపేసి, గొడుగు అందుకుంది.

“పొద్దుగాల ఏడుగంటలకల్ల రాండ్రి. సాంచెలు నడుస్తుంటే మా బాపుకు ఎవలేం చెప్పినా ఇనరాదు.”