కుడి భుజం కుట్టు

1988 జనవరి 21, గురువారం. ఉదయం ఆరూ పది.

షాలిమార్ గూడ్స్ యార్డు. మంచు దట్టంగా ఉంది. ఎదురుగా ఉన్న వేగన్ కూడా చేతికి తగిలేదాకా కనపడడం లేదు.

మూడో లైను పక్కన శవం.

రైల్వే పోలీసు సబ్-ఇన్‌స్పెక్టర్ సత్యారావు వంగి చూశాడు. మగమనిషి. నలభై ఐదు దాటి ఉంటాయి. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. జేబులో బీడీ కట్ట, అగ్గిపెట్టె. ఎడమ చేతి మీద తెలుగులో ‘రామ’ అని పచ్చబొట్టు. ఒంటి మీద చేత్తో అల్లిన మెరూన్ స్వెటర్.

“మర్డరా సార్?” అన్నాడు కానిస్టేబుల్ కామేష్.

“కాదు. మంచులో పట్టాలు దాటుతుంటే షంటింగ్ వేగన్ కొట్టింది. ఆ వేగన్ మెట్టు మీదే ఉన్న గార్డు లాంతరు వెలుగులో చూశాడు. చంపిందెవరన్నది కాదయ్యా కేసు. చచ్చిందెవరన్నది.”

పచ్చబొట్టు తెలుగుది కాబట్టి ఏక్‌బాల్‌పూర్ తెలుగు బస్తీకి కబురు పెట్టాడు. అక్కడ ఓడరేవు డాకులో పనిచేసే కూలీలంతా శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ నగరానికి వలసొచ్చినవాళ్లే. సత్యారావు నాన్న కూడా ఒకప్పుడు ఆ డాకులోనే బస్తాలు మోశాడు.

తొమ్మిదీ నలభైకి తవిటమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. వెంట బస్తీ పెద్ద గవరయ్య. ఆమె మొగుడు పోలిరాజు డ్యూటీకని బయలుదేరి పదకొండేళ్లయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

శవం ముఖం ఆమెకి చూపించలేదు. స్వెటర్ చేతికిచ్చారు. ఆమె దాన్ని మెల్లగా తడిమింది. కుడి భుజం దగ్గర వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి.

“మా మావే బాబూ. ఈ సొట్రు నానే అల్లినాను.”

ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో ఎండిపోయి ఉంటుందనుకున్నాడు సత్యారావు.

“నాలుగింటికి దహనం సేసేస్తాం బాబూ. పాడెకి ఎదుళ్లు తెచ్చీమన్నాను. బస్తీ అంతా కదిలొస్తాది,” అన్నాడు గవరయ్య.

స్టేషన్‌లో పై అధికారి బొడొబాబు కూడా అదే మాట. “సంతకం పెట్టించుకుని ఇచ్చెయ్. ఎందుకొచ్చిన ఝామేలా!”

ఇచ్చేస్తే ఏం పోయింది? ఏమీ పోదు. కానీ ఆ ఆగిన వేళ్లు సత్యారావు బుర్రలో ముల్లులా గుచ్చుకున్నాయి. పోలిక చూడ్డానికి ఆమె అల్లిన స్వెటర్ ఇంకొకటి కావాలన్నాడు.

పదకొండున్నరకి ఏక్‌బాల్‌పూర్. ఒంటిగది. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. మంచం కింద ట్రంకుపెట్టె.

పెట్టె తెరిస్తే స్వెటర్లు. ఒకటి కాదు, పదకొండు. ఒక్కటీ తొడిగిన జాడ లేదు. అన్నీ ఒకటే కొలత.

“ఏడాదికొకటి బాబూ. సలికి తాళనేడు. ఈ సీతాకాలానికొచ్చేస్తాడు, ఈ సీతాకాలానికొచ్చేస్తాడు అనుకుంటా అల్లినాను.”

సత్యారావు ఒకటి తీసి తిరగేశాడు. “ముందు పలక, వెనక పలక ఎలా కలిపావు?”

“లోపల్నుంచి. సూది ఎనక్కి ఏసి, ముందుకి తీసి, మళ్లీ ఎనక్కి. బస్తాలు మోసీవోడు గదా. గట్టి కుట్టు లేపోతే పిగిలిపోద్ది.”

“లోపల గట్టు లేస్తుంది కదా?”

“లేస్తాది. ఒరుస్తందని మావ ఒకటే సణుగుడు.”

“చదునుగా కుట్టడం రాదా?”

“రాకేటి? అంచుకి అంచు ఆనించి పైనుంచి కుడితే గట్టే రాదు. ఒంటికి సుఖం. కానీ లాగుడికి ఆగదు.” ఆమె స్వెటర్ మడత పెట్టింది. “ఏ కుట్టు ఎయ్యాలో ఊలు సెప్పదు బాబూ. తొడుక్కునీ మనిషి సెప్పాల.”

అంటూనే ఆమె చూపు సత్యారావు చంక కిందికి పోయింది. ఖాకీ స్వెటర్. అక్కడ కుట్టు విడిపోయింది. పిన్నీసు పెట్టి ఉంది. భార్య భానుమతి అల్లింది. ఆమె పోయి మూడేళ్లు. తనే కుట్టుకోబోయి మూడుసార్లు చేతులు పొడుచుకున్నాడు. ఆ పిన్నీసు గురించి స్టేషన్‌లో ఎవడూ అడగలేదు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. తవిటమ్మ ఆ పిన్నీసు చూసి, పెట్టె మూసింది.

పన్నెండూ పదికి స్టేషన్‌కి తిరిగొచ్చాడు. మెరూన్ స్వెటర్‌ని బల్ల మీద పరిచి, అంగుళం అంగుళం చూశాడు. శవాన్ని పరీక్షించిన డాక్టర్‌కి ఫోన్ చేశాడు. తర్వాత కామేష్ చెవిలో ఏదో చెప్పి యార్డుకి పరిగెత్తించాడు.

ఒకటిన్నరకి తవిటమ్మనీ గవరయ్యనీ ఎదురుగా కూర్చోబెట్టాడు. బల్ల మీద రెండు స్వెటర్లు. రెండూ తిరగేసి ఉన్నాయి.

“ఇది నీ పెట్టెలోది తవిటమ్మా. కుట్లన్నీ లోపలివే. రెండు భుజాలకీ గట్టుంది. అవునా?”

“అవును.”

“ఇది శవం మీదది. ఇందులోనూ లోపలి కుట్లే. ఒక్క కుడి భుజం తప్ప. ఆ ఒక్కచోట చదును కుట్టు. ఎందుకు?”

తవిటమ్మ ఆ కుట్టు మీద వేలు పెట్టి తీసేసింది.

“నువ్వే కుట్టావుగా. ఎందుకు మార్చావు?”

ఆమె తల దించుకుంది.

“నేను చెప్తాను. ఆయన కుడి భుజం కాయ కాసి, మధ్యలో పుండుపడి ఉందని డాక్టర్ చెప్పాడు. గట్టు కుట్టు వేస్తే దాని మీద ఒరుస్తుంది. ఇది అల్లినావిడ ఆ పుండు చూసింది. చూసి ఆ ఒక్కచోట కుట్టు మార్చింది. పదకొండేళ్లు కంటపడని మనిషికి ఎక్కడ నొప్పెడుతుందో ఎవరికి తెలుస్తుంది తవిటమ్మా?”

గవరయ్య నోరు తెరిచాడు. “అయితే ఈడు రాజు కాడేటి? మరెవుడు?”

“రొమ్ము మీద చూడు. ఆవగింజంత చిల్లులు. ఒక్కొక్కటీ ఓపిగ్గా రఫూ చేసి ఉంది. నిప్పురవ్వలు పడ్డ చోట్లు. బీడీవైతే ఒకటో రెండో ఉంటాయి. ఇవి ఇరవై ఆరు. కుడి భుజాన రోజూ బరువు, రొమ్ముకెదురుగా రోజూ నిప్పురవ్వలు. ఎవడు?”

“సాన పట్టీవోడు!”

“అదే. సాన చక్రం చట్రంతో సహా భుజాన వేసుకుని వీధులన్నీ తిరిగేవాడు. కామేష్, చెప్పు.”

“చక్రం యార్డు పక్క టీ కొట్టు వెనక గోనె కింద ఉంది సార్. అక్కడ పెట్టి, ఇప్పుడే వస్తానని పట్టాల వైపు పోయాడట. పేరు సూరన్న. పలాస వైపు మనిషి. రెండేసి రోజులు ఇంటికి రాకుండా తిరగడం మామూలే కాబట్టి పెళ్లాం వెతకలేదు.”

గవరయ్య అంతెత్తున లేచాడు. “ఒలే తవిటీ! నీకు బుద్దుందేటే? ఎవుడో ఊరూపేరూ నేనోడికి నా సేత పాడె కట్టించీబోనావు!”

సత్యారావు చెయ్యెత్తి ఆపాడు. “భుజం తడిమినప్పుడే నీకు తెలుసు. తెలిసీ ఎందుకలా చెప్పావు?”

తవిటమ్మ మెరూన్ స్వెటర్‌ని దగ్గరికి లాక్కుంది.

“మొదట్లో అందరూ అడిగీవోరు బాబూ, రాజొచ్చినాడా అని. రాన్రాను మానీసినారు. నాను ముత్తైదువునీ కాను, ముండమోసినదాన్నీ కాను. పెళ్లికీ పిలవరు, సావుకీ పిలవరు. సంకురేత్రి కాడ కూడా నా గడప తొక్కినోళ్లు నేరు. పోనాడంటే ఒక్క రోజైనా నలుగురొచ్చి నా గుమ్మంలో కూకుంటారు గదా అనుకున్నాను.”

గవరయ్య మెల్లగా కూర్చున్నాడు. అతని గది ఆమె గదికి నాలుగు గుమ్మాల అవతల.

కోప్పడదామనుకున్న సత్యారావుకి కోపం రాలేదు. “నువ్వీయన్ని తీసుకుపోయుంటే, ఇంకో ఆడమనిషి నీలాగే ఏడాదికో స్వెటర్ అల్లుకుంటూ కూర్చునేది.”

“ఓలమ్మో!” తవిటమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. పదకొండేళ్లదీ ఒక్కసారే వచ్చింది. చాలాసేపయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఏదీ ఆయమ్మ?”

“బయట బెంచీ మీద. సన్యాసమ్మట. చెప్పాం. ఒక్కతే వచ్చింది. ఈ ఊళ్లో నా అన్నవాళ్లు లేరు.”

తవిటమ్మ లేచి బయటికి వెళ్లింది. బెంచీ మీద సన్యాసమ్మ ఒంట్లో ప్రాణం లేనట్టు కూర్చుని ఉంది. తవిటమ్మ పక్కన చేరి ఆమె చెయ్యి పట్టుకుంది. గుమ్మంలోంచి చూస్తున్న గవరయ్య వైపు తిరిగింది.

“ఎదుళ్లు తెచ్చినారు గదా. జనాన్ని పిలిసినావు గదా. మరి నడు.”

గవరయ్య ముందు నడిచాడు. నాలుగింటికి సూరన్న దహనం జరిగింది. ఏక్‌బాల్‌పూర్ నుంచి నలభై మంది వచ్చారు.

ఏడున్నరకి మిగిలిన ఓ సంతకం కోసం సత్యారావు సన్యాసమ్మ గుడిసెకి వెళ్లాడు. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. సన్యాసమ్మ లోపల గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలో తవిటమ్మ ఒక్కతే ఉంది.

“ఇంటికి వెళ్లవా?”

“ఎల్లి ఏటి సెయ్యాల? ఈ రాత్రి ఈ పిల్లని ఒంటరిగా ఒగ్గీకూడదు.” ఆమె తల పైకెత్తింది. “ఆ సొట్రు ఇలా తే తమ్ముడూ. సూది ఉన్నాది.”

పొద్దున్నుంచీ బాబూ అన్న మనిషి తమ్ముడూ అంది. సత్యారావు పిన్నీసు తీసి స్వెటర్ విప్పి ఇచ్చాడు. చలి ఒక్కసారి ఒళ్లంతా పాకింది.

తవిటమ్మ విడిపోయిన అంచుల్ని పక్కపక్కన పెట్టి చూసింది.

“గట్టి కుట్టు ఎయ్యాలా, సదునుది ఎయ్యాలా? నీకెక్కడ ఒరుస్తాదో సెప్పు.”

మూడేళ్లుగా ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

“అన్నిచోట్లా, అప్పా,” అన్నాడు.