తలకు పెట్టిన గంజి

పొద్దున్నే పద్మజ కూతుర్ని వంటింటి ముందు పీట మీద కూర్చోబెట్టింది. చెల్లెలి దగ్గర అడిగి తెచ్చిన, జుట్టును నిటారు చేసే స్ట్రెయిటనర్ వేడెక్కుతోంది. పక్క రేకుల షెడ్డులో భర్త మనోహర్ నడిపే సాంచాలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ మగ్గాల చప్పుడులో మాట వినబడాలంటే సిరిసిల్లలో ఎవరైనా గొంతు పెంచాల్సిందే.

"తల కదపకు. కాలుతది."

"ఇప్పటికే కాలింది" అంది వనిత.

వనిత ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పుట్టినప్పటి నుంచి ఆమెది రింగుల జుట్టు. పదకొండింటికి కోరుట్ల నుంచి సంబంధం వాళ్లు వస్తున్నారు. అబ్బాయి ప్రేమ్‌కుమార్ జగిత్యాలలో ల్యాబ్ టెక్నీషియన్. ముందు ఆడవాళ్లు వచ్చి చూసిపోతారు, వాళ్లకు నచ్చితేనే అతను వస్తాడు. పెద్దవాళ్లు సరేనన్నాక అతనితో వనిత ఫోన్లో రెండుసార్లు మాట్లాడింది. బడి గురించి అడిగి, చెప్పింది ఓపికగా విన్నాడు. ఆమెకు నచ్చాడు. ఆ సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

"ఇదంత ఎందుకే అమ్మా? ఆళ్లు ఫోటో చూసే వస్తున్నరు గదా."

పద్మజ చేయి ఒక్క క్షణం ఆగింది. "చూసిండ్రు."

"మరింకేంది?"

"మాట్లాడకు. పాయ జారుతది."

అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మనోహర్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"లైను మీద పనంట. మధ్యాహ్నం దాక రాదు" అని కూతురి తల వైపు చూశాడు. కుడివైపు జుట్టు నిటారుగా వేలాడుతోంది. ఎడమవైపు రింగులు రింగులుగా లేచి ఉంది. "ఇదేందే, సగం మీ ఇంటి పోలిక, సగం మా ఇంటి పోలికనా?"

"నవ్వకుండ్రి. ఆళ్లు బయలెల్లి ఉంటరు."

తల తడిపితే మళ్లీ అంతా ఒకే తీరు అవుతుంది. కానీ కరెంటు లేక మోటారు లేదు, ట్యాంకులో నీళ్లూ లేవు. మగ్గాలు ఆగిన ఇంట్లో నెమ్మదిగా అడిగినా వినబడుతుంది. వనిత నెమ్మదిగానే అడిగింది.

"ఏ ఫోటో పంపినవ్ అమ్మా?"

పద్మజ స్ట్రెయిటనర్ వైరు చుట్టసాగింది. వనిత తల్లి ఫోను అందుకుని తెరిచి చూసింది. చిన్నాన్న కూతురు కల్యాణి పెళ్లిలో దిగిన ఫోటో. ఆ రోజు పార్లర్లో అందరితో పాటు తన జుట్టూ సాపు చేశారు. తెల్లారి తలస్నానంతో అది పోయింది.

"గిది నేను గాదు."

"నువ్వు గాకపోతే ఎవలు? మొఖం నీదే గదా."

"ఒక్క దినం ఉన్న జుట్టు చూపెట్టి పెండ్లి చేస్తవా?"

"మరేం జెయ్యాలె?" పద్మజ గొంతు లేచింది. "ముందుగాల వచ్చిన రెండు సంబంధాలు ఎందుకు వాపస్ పోయినయో నీకు తెల్వదా? పిల్ల మంచిగుంది గని, గా జుట్టేంది అన్నరు. నా మొఖం మీదనే అన్నరు."

"పెండ్లయినంక తానం చేసి బయటకొస్త గదా. అప్పుడేం జెప్తవ్?"

"అప్పటిది అప్పుడు చూసుకుందం."

"చూసుకునేది నువ్వు గాదు, నేను. ఆయన ముందట మోసగత్తె లెక్క నిలవడేది నేను."

పద్మజ విననట్టే వంటింట్లోకి వెళ్లి బియ్యప్పిండి గంజి కాచింది. ఆమె చిన్నప్పుడు వాడలో మగ్గానికి ఎక్కించే పడుగు నూలును బారుగా లాగి కట్టి, గంజి పూసి, కుంచెతో దువ్వేవాళ్లు. ఎంత ముడుచుకున్న పోగైనా ఆరేసరికి నిలబడేది.

"అది నూలు గాదే" అన్నాడు మనోహర్.

"మీరు అటు పోండ్రి."

సగం తలతో ఎవరి ముందూ కూర్చోలేక, వనిత పళ్లు బిగపట్టి ఊరుకుంది. పద్మజ గంజి పూసి, గట్టిగా లాగి, బిగించి జడ వేసింది. చూడడానికి సాపుగానే ఉంది. ముట్టుకుంటే అట్ట.

అనుకున్న వేళకే అబ్బాయి తల్లి బాలలక్ష్మి, ఆమె అత్త సమ్మవ్వ ఆటో దిగారు. చాయ్ తాగారు, ఎండ సంగతి, కరెంటు సంగతి అయ్యాయి. తర్వాత సమ్మవ్వ వనితను పక్కన కూర్చోమంది.

"జడ ఇప్పు బిడ్డా. మా కాలంల సవరం పెట్టి మోసం చేసేటోళ్లు. పాత అలవాటు, ఏమనుకోకు."

పద్మజ గబగబా ముందుకు జరిగింది. "ఇప్పుడెందుకు పెద్దమ్మా, గిప్పుడే అల్లిన."

అప్పటికే ముసలామె వేళ్లు జడలో ఉన్నాయి. పాయ విప్పగానే తెల్లటి పొట్టు రాలి ఆమె ఒళ్లో పడింది. సమ్మవ్వ దాన్ని నలిపి వాసన చూసింది.

"గంజి" అంది. "నలభై ఏండ్లు పడుగుకు పూసిన. తలకు పూసుడు ఇయ్యాలనే చూస్తున్న."

వనిత తలెత్తింది.

"నాది రింగుల జుట్టు అవ్వా. మీకొచ్చిన ఫోటో పార్లర్ల చేయించిన దినం దిగింది. అదే పంపిండ్రని నాకు ఇయ్యాలనే తెల్సింది."

బాలలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "గిట్ల చేస్తిరేంది వదినా? సరే, అయిందేదో అయింది. ఇప్పుడు పర్మనెంటుగ సాపు చేసేటివి వచ్చినయ్ గదా. పెండ్లికి ముందుగాల చేయించుండ్రి. మా ఇంట్ల అందరివి పట్టు లెక్క ఉంటయ్. గీ తలతోని పది మందిల తిప్పుకోవద్దా?"

పొద్దున్నుంచి పద్మజ అన్న మాట అదే. కానీ పరాయి నోట విన్నప్పుడు అది తన బిడ్డను చెంప మీద కొట్టినట్టు వినబడింది. వనిత కళ్లు కిందికి దించుకుంది. ఇంతసేపూ పద్మజ ఈ ముఖం వెనక కూర్చుని జుట్టు లాగింది. ముందు నుంచి ఒక్కసారీ చూడలేదు.

"చేయించం" అంది పద్మజ.

"ఏంది?"

"ఫోటో తప్పు నాది. దానికి మీరు లేచి ఎల్లిపోయినా, నాలుగు మాటలన్నా పడ్త. నా బిడ్డ తలల మాత్రం తప్పు లేదు వదినా. గిట్లనే కావాలంటే చెప్పుండ్రి, లేకుంటే లేదు."

బాలలక్ష్మి లేచి చెప్పులు వేసుకుంది. "ఇంటికి పోయి చెప్తం" అంది. సమ్మవ్వ పోతూ పోతూ వనిత గడ్డం పట్టుకుని చూసి వెళ్లింది.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మోటారు వేసి, పద్మజ కూతురి తల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఎండిన గంజిని వేళ్లతో విడదీసింది. ఇరవై నాలుగేళ్లుగా ఈ తలతో దువ్వెన పట్టి కొట్లాడడమే గాని, ఇలా మెల్లగా ముట్టుకున్నది లేదు. తడి రింగు ఒకటి ఆమె వేలికి చుట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నువ్వెందుకే ఏడుస్తున్నవ్? కాలింది నా తల" అంది వనిత.

ఫోన్ మోగింది. ప్రేమ్‌కుమార్. వనిత చేతులు తడిగా ఉన్నాయని పద్మజే ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

"మా నాయినమ్మ అంత చెప్పింది" అన్నాడతను. "అమ్మ ఇంకా కోపంగనే ఉంది. ఆమెతోని నేను మాట్లాడుకుంట. నీకు ఇష్టమేనా, అది చెప్పు."

వనిత తల్లి వైపు చూసింది. "ఇష్టమే. గని నా జుట్టు గిట్లనే ఉంటది."

"ఉండనియ్యి. ఆదివారం నేనొస్తున్న. అత్తమ్మకు చెప్పు."

'అత్తమ్మ' అన్న మాటకు పద్మజ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోన్ పెట్టేశాక వనిత తువాలుతో తల తుడుచుకుని, అద్దం దగ్గరి దువ్వెన అందుకుంది. పద్మజ వెళ్లి ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"దువ్వకు బిడ్డా, ఆరనియ్యి. దువ్వితే రింగులు చెదురుతయి."