ఇంకోసారి రాయండి, నాన్నా

మాది మలికిపురం దగ్గర కాలువగట్టు. నా పేరు దేవదానం. కొబ్బరికాయలు ఒలిచి బతికినవాణ్ణి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, రాత్రిళ్ళు, కిరసనాయిలు దీపం ముందు. నేర్పింది నా కూతురు కృపావతి.

పోయిన సోమవారం మధ్యాహ్నం వాన. మనవరాలు ఏంజెల్ జ్వరంతో పడుకుంది. ఇంజినీరింగ్ ఎంట్రన్సు వారంలోకి వచ్చేసింది. స్నేహితురాలు సత్యప్రియ ఇచ్చిన కెమిస్ట్రీ నోట్సు సాయంత్రానికి తిరిగిచ్చేయాలి.

"నీ పుస్తకంలోకి నేను ఎక్కిస్తాను," అన్నాను.

"మీరా తాతయ్యా? అందులో తెలుగు లేదండీ. బొమ్మలనుకుని గీసెయ్యకండి."

"ఏ భాషైతే ఏంటి, చూసి రాయడమేగా?"

"ఆయ్, సరే. అక్షరం కింద చిన్న అంకెలుంటాయి. అవి వదిలేస్తే పదార్థమే మారిపోద్ది."

"నాకు చెప్పకు. పడుకో."

వరండాలో కూర్చున్నాను. కరెంటు లేదు. మబ్బుకి పగలే చీకటి పడింది. చూరు నీళ్ళ చప్పుడు, తడిసిన కొబ్బరిపీచు వాసన. రెండు పేజీలు రాశాను. ఆ చిన్న అంకెలు నా కళ్ళకి ఆనలేదు. అడిగితే నవ్వుతుందని వదిలేశాను.

మూడో పేజీ మొదలుపెడుతూ ఒకసారి వెనక్కి తిప్పాను.

నేను వదిలేసిన ప్రతిచోటా అంకె ఉంది. గుండ్రంగా. సిరా ఇంకా తడిగా...

కిరసనాయిలు వాసన వేసింది. మా ఇంట్లో కిరసనాయిలు మానేసి ఎన్నేళ్ళయిందో!

వెనకనుంచి చల్లటి వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి. కృపావతి అలాగే పట్టుకుని దిద్దించేది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇంటర్ చదువుతూ కృపావతి ఇదే పరీక్షకి దరఖాస్తు తెచ్చుకుంది. తండ్రి సంతకం కావాలి. "వేలిముద్ర వద్దు నాన్నా, మీ పేరు మీరే రాయాలి," అని మూడు నెలలు నేర్పింది. నాకు పేరు రాయడం వచ్చేసింది. కాని టీచరు ట్రైనింగు చాలని నా పట్టు. ఆ మాట మొహం మీద అనలేక, "చెయ్యి తిరగట్లేదమ్మా, మరిచిపోయాను," అన్నాను. అబద్ధం. ఆఖరి రోజున, నా బదులు మేష్టారి చేత సంతకం పెట్టించుకుంటానని కాగితం పట్టుకుని వానలో తాటిదూలం మీద కాలువ దాటబోయింది.

మనిషి శవమై దొరికింది. కాగితం దొరకలేదు. నేనే సంతకం పెట్టి పంపానని చర్చిలో అందరికీ చెప్పాను.

వేళ్ళు బిగిశాయి. పెన్ను కదిలింది. దే... వ... దా... నం.

"ఇంకోసారి రాయండి, నాన్నా." చెవి పక్కనే. గుసగుసగా.

"మరిచిపోలేదమ్మా," అన్నాను. "రాయడం వచ్చి కూడా... రాయలేదు."

వేళ్ళు వదిలేశాయి. మణికట్టు మీద పచ్చటి నాచు.

"ఎవరండీ తాతయ్యా, వచ్చింది?" లోపల్నుంచి ఏంజెల్.

"ఎవరూ లేరు."

మళ్ళీ అబద్ధమే ఆడాను.

ఇవాళ జ్వరం తగ్గింది. ఎల్లుండే పరీక్ష. "ఒక్క అంకె కూడా తప్పు లేదు తాతయ్యా!" అని ఏంజెల్ మురిసిపోతుంటే తల దించుకున్నాను. హాల్ టికెట్టు ఒకసారి సరిచూడమని చేతికిచ్చింది. తండ్రి పేరు దగ్గర నా కొడుకు విజయకుమార్ పేరు ఉండాలి. నిన్నటిదాకా అచ్చులో ఉంది.

ఇప్పుడక్కడ దేవదానం అని ఉంది. నా వంకర చేతిరాతే. కాగితం అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.